ఊరి పటము ఎవరు గీయవలెను?

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవముల సందర్భమున గోదావరిఖనిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సభలో గడచిన నూరేండ్లను స్మరించుట ఆచారము. ఆ పని మనకంటె పెద్దలు ఇప్పటికే చక్కగా నెరవేర్చినారు. మాకు అప్పగించిన అంశము "పట్టణాభివృద్ధిలో ప్రజల భాగస్వామ్యము". ఈ పేరు వినగానే మాలోనే కొందరు, "అది మునిసిపాలిటీవారు మాట్లాడవలసిన సంగతి గదా, మనకెందుకు?" అన్నారు. ఆ మాటతోనే మా ప్రసంగమును ఆరంభించుచున్నాము. ఎందుకనగా మన ఊరి జబ్బు ఆ మాటలోనే యున్నది.

మన ఊరు పుట్టిన విధము

నూరేండ్ల క్రితము గోదావరిఖని అను పట్టణము లేదు. సింగరేణి మాత్రము అంతకంటె పాతది. 1871లో డాక్టర్ విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చినది. గోదావరి ఒడ్డున మన ప్రాంతములో బాయిలు తెరచినది 1960 ప్రాంతములో. ఆ తరువాత 1978లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రమునకు పునాది పడినది. 1980లో ఎరువుల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించినది. అనగా మన అధ్యక్ష మండలము ఊరికంటె వయసులో పెద్దది. మన సంఘములో తాతలు ఈ ఊరికి వచ్చినవారే గాని, ఈ ఊరిలో పుట్టినవారు అరుదు.

మన పేటలకు మహనీయుల పేర్లు రాకముందే బాయి నంబర్లు వచ్చినవి. ఫైవింక్లైన్ అని, యైటింక్లైన్ కాలనీ అని ఈనాటికిని ఆటోవారు పిలుచుచున్నారు. ఇందులో మన చరిత్ర అంతయు ఉన్నది. ముందు బాయి వచ్చెను, బాయి చుట్టు క్వార్టర్లు వచ్చెను. క్వార్టర్లకు పటము ఉండెను, వరుస ఉండెను, నల్లా ఉండెను. కాని బాయిపని ఉన్నచోట ఒక్క బాయి మనిషే బ్రతుకడు గదా? కూరగాయలు అమ్మునది రావలెను, బట్టలు కుట్టువాడు రావలెను, క్వార్టరు దొరకని కార్మికుడు ఎక్కడనో గుడిసె వేసికొనవలెను. వారికొరకు ఎవరును పటము గీయలేదు. వారే వచ్చి, వారే కట్టుకొని, వారే దారి విడిచినారు. అవి బస్తీలైనవి. 2009లో రామగుండము నగరపాలక సంస్థ అయినది. 2011 జనాభా లెక్కలలో ఈ నగర జనాభా 2,29,644. ఇంతమందిలో పటములో చోటు ఇచ్చి పిలిచి తెచ్చినవారు కొందరే. మిగిలినవారు తమంతట తాము వచ్చి పటములో లేనిచోట నిలిచినవారు.

అందువలన మన వీధులకు యజమానులు ఒక్కరు కారు. ఒకవైపు నేల కంపెనీది, ఒకవైపు నగరపాలక సంస్థది, కొంత దూరము పోగా విద్యుత్ కేంద్రముది. వాననీటికి మాత్రము ఈ సరిహద్దులు తెలియవు.

ఒక మోరీ కథ

ఇక్కడ మాకు జరిగినది ఒకటి చెప్పెదము. చోటు పేరు, కార్యాలయముల పేర్లు చెప్పము. అట్టి చోట్లు మన ప్రాంతములో ఒకటి రెండు కావు. క్వార్టర్ల వెనుక పుట్టిన మోరీ ఒకటి రోడ్డుకింద దూరి బస్తీలోకి దిగును. వరుసగా మూడు వానకాలములు ఆ మోరీ పొంగి ఇండ్లలోనికి వచ్చినది. ఒక కార్యాలయమునకు పోగా, "మోరీ మొదలు మాది కాదు" అన్నారు. రెండవ కార్యాలయమునకు పోగా, "మోరీ చివర మాది కాదు" అన్నారు. ఇద్దరును అబద్ధము చెప్పలేదు. మధ్యలో మునిగినవారు మాత్రము మనవారు.

నాలుగవ ఏట మేము కొందరము ఆదివారపు ఆరాధన తరువాత కూర్చుండి అర్జీ వ్రాయుటకు పూనుకొంటిమి. కలము పట్టినవారము చదువుకున్నవారము, క్వార్టర్లలో ఉన్నవారము. మేము వ్రాసిన మొదటి కోరిక ఏమనుకొందురు? సిమెంటు రోడ్డు. రెండవది వీధి దీపములు. మోరీ మూడవది. అప్పుడు వెనుక చాపమీద కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి, "రోడ్డు అడుగుతున్నరు, మంచిదే. మరి రాత్రి మా ఇంట్ల నీళ్లు తోడేదెవరు బిడ్డా? రోడ్డు ఎత్తు చేస్తే ఆ నీళ్లు గూడ మా మీదికే వస్తయి" అన్నది. మాలో ఎవరికిని జవాబు దొరకలేదు. మేము అడుగబోయిన మేలు ఆమెకు కీడు కానుండెను. ఆమె మా సంఘ సభ్యురాలే. ఇరువది ఏండ్లుగా మేము ఆమెతో కలిసి ప్రార్థించుచున్నాము, కాని ఆమె గడప ఎంత పల్లములో ఉన్నదో మాకు తెలియదు.

ఆ అర్జీని చించివేసితిమి. మరుసటి వారము ఆ మోరీ వెంట మొదలునుండి చివరవరకు నడచితిమి. ముందు ఆ పెద్దమ్మ, వెనుక మేము. ఒక చార్టు కాగితముమీద మోరీని గీసి, ఎక్కడ పూడినది, ఎక్కడ విరిగినది, ఎక్కడ ఎవరి నేల అని గుర్తులు పెట్టితిమి. అప్పుడు ఇంకొక సంగతి బయటపడినది. నాలుగు చోట్ల మోరీని మూసినది ఏ కార్యాలయము కాదు. మనవారి ఇంటి మెట్లే. అందులో ఒకటి మాతో కూర్చుండి అర్జీ వ్రాసిన సహోదరునిది.

ఆ కాగితమును పట్టుకొని రెండు కార్యాలయములకు పోయి ఒకే కోరిక కోరితిమి: "డబ్బు తరువాత అడిగెదము. ముందు మీ ఇద్దరి ఇంజనీర్లు ఒకేనాడు, ఒకే గంటకు, ఈ చోట వచ్చి నిలువవలెను." మూడు మార్లు తిరిగిన తరువాత వచ్చినారు. పటము చూచినారు, నేల చూచినారు. పై భాగము ఒకరు, దిగువ భాగము ఇంకొకరు చేయుటకు ఒప్పుకొన్నారు. మెట్లు తీయు భారము మాది. తీసితిమి. ఆ ఏడాది వానకు ఇండ్లలోనికి నీరు రాలేదు.

కథ ఇక్కడ ముగిసిన మాకును గొప్పయే. కాని నిజము చెప్పవలెను. పని అయినదని మేము కూడుట మానితిమి. రెండేండ్లలో మోరీ మరల పూడినది. పూడిక ఎవరు, ఏ నెలలో తీయవలెనో ఆనాడు వ్రాసికొనలేదు. అధికారులు మారినారు, మాట మరచినారు. తప్పు వారిదనుట సులభము. కాని మాట ఇచ్చినవారిని గుర్తుచేయువారు ఉండవలెను గదా?

చట్టము మనకు ఏమి ఇచ్చినది

"ఇట్లు అడుగుటకు మాకు అధికారమున్నదా?" అని యువకులు అడుగుదురు. ఉన్నది. 1992లో జరిగి 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగములో చోటు కల్పించినది. తెలంగాణ పురపాలక చట్టము 2019లో వచ్చినది. దాని ప్రకారము ఒక్కొక్క వార్డుకు నాలుగు కమిటీలు ఉండవలెను: యువజనులది, స్త్రీలది, వయోవృద్ధులది, ప్రముఖ పౌరులది. ఒక్కొక్క దానిలో 15 మంది. 2020 ఎన్నికలనాటికి మన నగరములో 50 డివిజన్లు. లెక్క వేయుడి: ఒక్కొక్క డివిజన్లో 60 మంది చొప్పున మూడు వేల మంది సామాన్యులకు ఊరి సంగతులలో కూర్చుండి మాట్లాడు చోటు చట్టమే ఇచ్చినది. మనలో ఎందరము ఆ కమిటీలలో ఉన్నాము? ఉన్నవారము ఎన్నిమార్లు కూర్చుంటిమి? సంతకము అడిగిన పుస్తకములో ఏమి వ్రాసి యున్నదో చదివితిమా?

గనుల ప్రాంతమునకు ఇంకొక సదుపాయము గలదు. 2015లో గనుల చట్టమునకు జరిగిన సవరణ ప్రతి గనుల జిల్లాలోను జిల్లా ఖనిజ నిధి ట్రస్టును ఏర్పరచినది. గని నడుపువారు ప్రభుత్వమునకు చెల్లించు రాయల్టీగాక, పాత లీజులకు ఆ రాయల్టీలో నూటికి 30 వంతులు, వేలములో వచ్చిన లీజులకు 10 వంతులు ఈ నిధికి కట్టవలెను. గనివలన నష్టపడిన ఊళ్లకు తాగునీరు, వైద్యము, విద్య, పారిశుధ్యము మొదలైనవాటిపై ముందుగా దీనిని వ్యయము చేయవలెను. ఇది భిక్షము కాదు. మన దుమ్మునకు, పగిలిన మన గోడలకు, అడుగంటిన మన బావులకు చెల్లించు బదులు. అయితే నిధిలో ధనమున్నంత మాత్రాన అది పెద్దమ్మ గడపవరకు నడచి రాదు. ఫలానా వీధిలో ఫలానా అవసరమని లెక్కలతో చూపినవారికి అది దొరకును.

మూడవది ప్రజాభిప్రాయ సేకరణ సభ. కొత్త ఓపెన్‌కాస్టు గనికి గాని, పెద్ద విస్తరణకు గాని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారము ఇట్టి సభ జరుపవలెను. ముప్పది దినములు ముందుగా ప్రకటన రావలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో అందుబాటులో ఉంచవలెను. సభ చివర మినిట్సును సభలోనే చదివి స్థానిక భాషలో వివరించవలెను. మనము సభకు పోదుము, గట్టిగా మాట్లాడుదుము, కొన్నిమార్లు అరచుదుము, భోజనవేళకు ఇంటికి వత్తుము. చివర చదువు మినిట్సును వినుటకు ఎందరు నిలుచుచున్నారు? వ్రాతలో లేని మాట గాలిలో కలిసిన మాట.

ఇతరులు నడచిన దారి

ఇది మనతోనే మొదలైన పని కాదు. 1967లోనే హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సమాజాభివృద్ధి పథకమును ఆరంభించినది. దాని సిబ్బంది బస్తీలకు పోయి, అక్కడివారినే సంఘములుగా కూర్చి, ఏది ముందు కావలెనో వారినే అడిగినారు. చిన్నపిల్లల బడులు, కుట్టు శిక్షణ మొదలైనవాటితో ఆరంభమైన ఆ పని, 1970ల చివరకు ఎవరి ఇల్లు వారే కట్టుకొను పథకమువరకు పోయినది. స్థలమునకు పట్టా, బ్యాంకు అప్పు వచ్చినవి. గోడలు లేపినది బస్తీవారే. నేల తనదని కాగితము చేతికి వచ్చిన మనిషి ఊరికొరకు ఆలోచించుట మొదలుపెట్టునని అక్కడ రుజువైనది. సింగరేణి పట్టణములలో కంపెనీ విడిచిన స్థలములలో ఇండ్లు కట్టుకొన్నవారికి పట్టాలు ఇచ్చు పని ఇటీవలి సంవత్సరములలో జరిగినప్పుడు ఈ సంగతిని మన కన్నులతో మనమే చూచితిమి.

1997 జనవరి 1న మన ఉమ్మడి రాష్ట్రములో జన్మభూమి కార్యక్రమము మొదలైనది. అధికారులు ఊళ్లకు వచ్చిరి, సభలు జరిగెను, జనము శ్రమదానము చేసిరి. మేలు జరుగలేదనము. కాని ఎన్నికైన స్థానిక సంస్థలను పక్కకు పెట్టి అధికారులే దానిని నడిపిరను విమర్శ వచ్చినది. ప్రభుత్వము పిలిచిననాడు కూడి, పిలువనినాడు కూడని సంఘము కార్యక్రమముతోనే ముగియును.

వరంగల్లు ప్రాంతములో గీసుగొండ మండలములోని గంగదేవిపల్లిని తలచుకొనుడి. అక్కడ నీటికి ఒక కమిటీ, పారిశుధ్యమునకు ఒక కమిటీ, ఇట్లు పనిపనికి ఊరివారి కమిటీలు ఏర్పరచుకొని పంచాయతీతో కలిసి పనిచేసినారు. 2007లో ఆ ఊరికి నిర్మల్ గ్రామ పురస్కారము వచ్చినది. అక్కడివారు మనకంటె ధనవంతులు కారు. పని అయిన తరువాత కూడ కూర్చుండుట మానలేదు. మా మోరీ దగ్గర మాకు లోపించినది అదియే.

బొగ్గు తరువాత ఏమి?

ఇప్పుడు మా మనసులోని అసలు బరువును మీ ముందు ఉంచెదము. మోరీ, రోడ్డు, దీపము చిన్న సంగతులు. పెద్ద సంగతి ఏమనగా, ఈ ఊరికి కారణమైన బొగ్గు తరుగుచున్నది. బొగ్గు తరుగకముందే పని తరుగుచున్నది. 1990ల ఆరంభములో సింగరేణి ఉద్యోగులు లక్షకు పైగా ఉండిరి. ఆనాటి ఉత్పత్తి ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి సుమారు ఏడు కోట్ల టన్నులు. ఉద్యోగులు నలుబది వేల పైచిలుకు. భూగర్భ బాయిలు మూతబడినవి, ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. బొగ్గు మూడింతలకు మించినది, మనుషులు సగముకంటె తక్కువకు తగ్గినారు. రిటైరైననాడు క్వార్టరు ఖాళీచేయవలెను. ముప్పది ఏండ్లు బాయిలో పనిచేసినవాడు తన ఊరు ఏది అని వెదుకుకొనుచున్నాడు. తాతల పల్లెలో అతనిని ఎరిగినవారు లేరు. ఈ పట్టణములో అతనికి గోడ లేదు.

ఇట్టిది మనము ఒకసారి చూచినదే. 1999లో ఎరువుల కర్మాగారము మూతబడినది. దానిని నమ్ముకొన్న ఇండ్లు, బడులు, కొట్లు ఏమైనవో మన పెద్దలకు తెలియును. అదే స్థలములో గ్యాసుతో నడుచు కొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ఆరంభించి, 2022 నవంబరు 12న జాతికి అంకితమైనది. సంతోషము. అయితే మధ్యలో గడచిన రెండు దశాబ్దములలో పెరిగి వలసపోయిన పిల్లలు తిరిగి రాలేదు. 1971 నుండి వెలిగిన 62.5 మెగావాట్ల పాత విద్యుత్ కేంద్రము 2024లో మూతబడినది. ఒక పొయ్యి ఆరిననాడు ఊరు ఉలిక్కిపడుట, తరువాత మరచుట మనకు అలవాటైనది.

గని మూసివేత ప్రణాళికను గూర్చి కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకములు ఇచ్చినది. ప్రతి గనికి అట్టి ప్రణాళిక ఉండవలెను. దాని ఖర్చుకొరకు ఏటేట సొమ్ము ప్రత్యేక ఖాతాలో జమ చేయవలెను. అనగా గని ముగింపునకు కాగితముమీద పటము ముందే ఉండును. ఆ గొయ్యి చెరువు కావలెనా, ఆ మట్టిగుట్టమీద ఏ చెట్లు పెరుగవలెను, ఖాళీ అయిన క్వార్టర్లలో బడి రావలెనా, వృద్ధులకు నివాసము రావలెనా, గని నీరు ఏ ఊరి పొలమునకు పోవలెను? ఇవి ఇంజనీరు ఒక్కడు తేల్చు ప్రశ్నలు కావు. అతడు బదిలీపై వెళ్లిపోవును. కార్పొరేటరు పదవీకాలము ఐదేండ్లు. ఇక్కడ మిగులువారము మనము. మిగులువారు లేకుండ గీసిన పటము మన మొదటి పటమువలెనే అగును: కొందరికి వరుస, తక్కినవారికి మోరీ గట్టు.

మనము చేయగలది

నెహెమ్యా దినములలో యెరూషలేము ప్రాకారమును కట్టిన సంగతి మీకు తెలియును. రాజు అనుమతి ఇచ్చెను, కలప ఇచ్చెను. కట్టినవారిలో అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా నున్న భాగమును బాగుచేసికొనిరి. అయితే కట్టుటకు ముందు నెహెమ్యా రాత్రివేళ గోడ చుట్టు తిరిగి ఎక్కడెక్కడ కూలినదో చూచెను. అడుగనిదే, చూడనిదే అతడు కట్టలేదు. ఇంతకంటె మంచి పట్టణ ప్రణాళిక పాఠము మాకు తెలియదు.

కాబట్టి మా మనవులు నాలుగు. మొదటిది, ప్రతి సంఘమునుండి ఇద్దరైనను, అందులో ఒక స్త్రీ, వార్డు కమిటీలలో చేరుటకు ముందుకు రావలెను. సంఘము పేరున గాక, ఆ వీధి మనిషిగా. రెండవది, మన ఆవరణములోని గదిని నెలకొక సాయంకాలము వీధివారందరికి తెరచి ఉంచవలెను. ఏ మతమువారైనను, కాంట్రాక్టు కార్మికులైనను, నిన్న వచ్చిన వలసకూలీలైనను అక్కడ చాపమీద సమానముగా కూర్చుండవలెను. మూడవది, ఒక పుస్తకము పెట్టవలెను. ఏ అధికారి ఏ తేదీన ఏమి ఒప్పుకొన్నాడో, మనము ఏమి ఒప్పుకొంటిమో రెండును అందులో వ్రాయవలెను. మన మాట తప్పినచోట ముందు మనమే దిద్దుకొనవలెను. నాలుగవది, ఏ కోరికనైనను వ్రాయకముందు ఆ వీధిలో అన్నిటికంటె పల్లమునున్న ఇంటికి పోయి, ఆ ఇంటివారిని అడుగవలెను.

అధికారులను శత్రువులుగా చూడవలదు. వారును మనవలె ఎండకు మాడి, దుమ్ము మింగి పనిచేయువారే. వారివద్దకు చేయి చాచి పోయిన బిచ్చగాండ్రమగుదుము. పిడికిలి బిగించి పోయిన వారు తలుపు మూసికొందురు. చేతిలో పటము పట్టుకొని పోయిన వారు కుర్చీ లాగి కూర్చుండబెట్టుదురు. ఇది మేము అనుభవముతో చెప్పుచున్న మాట.

ప్రియులారా, సెంటినరీ కాలనీ అను పేరుతో మన పక్కనే ఒక ఊరు ఉన్నది. నూరేండ్ల పండుగ ఊరిపేరై నిలువగలదు. మన నూరేండ్ల పండుగ ఏ పేరై నిలువవలెను? పందిళ్లు రేపు విప్పుదురు, ఈ సంచిక బీరువాలో చేరును. పూడిక తీయు నెల ఏదో వ్రాసిన ఒక పుస్తకము ఈ పండుగవలన మొదలైన, అది చాలును.

మోరీ వద్ద మా ముందు నడచిన ఆ పెద్దమ్మ ఈనాడు లేరు. ఆ చార్టు కాగితము మాత్రము మా దగ్గర ఉన్నది. మడతలలో చినిగినది. వచ్చే మొదటి ఆదివారము ఆరాధన తరువాత దానిని తీసికొని మరల ఆ మోరీ వెంట నడువనున్నాము. మీలో రాగలవారు రండి. చెప్పులు పాతవి వేసికొని రండి.